అచ్యుత గోత్రం

నాగభూషణం గారు మా అపార్ట్‌మెంట్ సొసైటీ పిల్లలకి ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం పాఠం చెప్పారు. వృత్తిరీత్యా ఆయన మాస్టారు కారు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. పిల్లలు "మాస్టర్ తాత" అని పిలిచేవాళ్ళు. వాళ్ళని చూసి పెద్దవాళ్ళం కూడా "మాస్టారూ" అనడం మొదలుపెట్టాం. ఆయనకి జరిగింది రాయాలని చాలా రోజులుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకంటే అందులో నేనూ ఉన్నాను.

నా పేరు భానుశ్రీ. మాది తెనాలి. నేనూ మా ఆయన క్రాంతీ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. మా అమ్మాయి హాసిని ఇక్కడే పుట్టింది. తెలుగులో అడిగితే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. దానికి తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో మీ మతం గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. మనకి ఇంతమంది దేవుళ్ళు ఎందుకు, చనిపోయాక ఏమవుతాం, పూజలో గంట ఎందుకు కొడతాం అని అది నన్ను వరసగా అడిగింది. నేను శుక్రవారం దీపం పెడతాను, శ్రావణమాసంలో వ్రతం చేసుకుంటాను. అయినా ఒక్క ప్రశ్నకీ సరైన జవాబు చెప్పలేకపోయాను. చివరికి అది సగం పేజీ లడ్డూల గురించి రాసి ఇచ్చింది.

ఈ సంగతి నవ్వుతూ రాజగోపాల్ అంకుల్‌కి చెప్పాను. ఆయన మా బ్లాకులోనే కొడుకు దగ్గర ఉంటారు. మా సొసైటీలో నలభై తెలుగు కుటుంబాలుంటే అందరికీ పెద్దదిక్కు ఆయనే. తనతో ముప్పై రెండేళ్ళు ఒకే సెక్షన్‌లో పనిచేసిన స్నేహితుడు ఒకాయన ఘాజియాబాద్‌లో ఉన్నాడని, ఇలాంటివి చెప్పడంలో అతణ్ణి మించినవాడు లేడని అన్నారు. రెండు వారాల్లో ఆ స్నేహితుణ్ణి తీసుకొచ్చారు కూడా.

క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ గది ఇచ్చారు. బల్ల మడిచి గోడకి జరిపి, కింద దుప్పట్లు పరిచేవాళ్ళం. తెల్ల పంచె, లాల్చీ, నుదుట సన్నగా నిలువు ఎర్రగీతతో పది గంటలకల్లా మాస్టారు గదిలో ఉండేవారు. ఘాజియాబాద్‌లో తనుండే వసుంధర కాలనీ నుంచి షేర్ ఆటోలో వైశాలి మెట్రోకి వచ్చి, యమునా బ్యాంక్‌లో రైలు మారి, మళ్ళీ ఈ-రిక్షా ఎక్కి రావాలి. చలికాలం పొగమంచులో కూడా ఒక్కవారం మానలేదు. ఒకసారి క్రాంతి కారులో దింపుతానంటే, మెట్రోలో కూర్చుని ఆ వారం పాఠం ఆలోచించుకుంటానని, కారులో అయితే మీతో మాట్లాడుతూ పాఠం మరిచిపోతానని అన్నారు.

మొదటిరోజు అర్జున్ అనే కుర్రాడు, ముప్పై మూడు కోట్ల దేవుళ్ళుంటే ఎవరికి దండం పెట్టాలని అడిగాడు. మాస్టారు హాసినిని లేపి నిలబెట్టారు. ఇంట్లో అమ్మ ఏమని పిలుస్తుందంటే "బుజ్జి" అంది. బళ్ళో హాసిని, అమ్మమ్మకి చిట్టితల్లి. మరి ముగ్గురూ పిలిస్తే ముగ్గురు పిల్లలు పరిగెత్తుకొస్తారా అని అడిగారు. పిల్లలు నవ్వారు. పిలిచేవాళ్ళ ప్రేమని బట్టి పేరు పుడుతుందని, రాముడన్నా శివుడన్నా, పక్కింటి బెంగాలీ ఆంటీ దుర్గ అన్నా పలికేది ఒక్కటేనని చెప్పారు. బొమ్మే అక్కర్లేదు, లోపల ఉన్నదాన్ని తలుచుకుంటే చాలు అనేవాళ్ళూ మనలో ఉన్నారనీ, వాళ్ళూ మనవాళ్ళేననీ అన్నారు.

నేను గది వెనక కుర్చీలో కూర్చునేదాన్ని. మొదట్లో హాసిని కోసం, తరవాత నాకోసం.

ధర్మం అంటే ఏమిటని అడిగితే ఆయన పిల్లల్ని లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్ళారు. మీరు పద్దెనిమిదో అంతస్తుకి వెళ్ళేటప్పుడు మిమ్మల్ని పట్టి ఉంచే ఇనపతాళ్ళు ఎప్పుడైనా చూశారా అని అడిగారు. ఎవరూ చూడలేదు. ధర్మం అనే మాటకి మూలార్థం పట్టి ఉంచేదనీ, ఉన్నంతకాలం కనబడదనీ, తెగిన రోజున అందరికీ తెలుస్తుందనీ చెప్పారు. అదే లిఫ్ట్ తలుపు మీద అర్జున్ తాళంచెవితో తన పేరు గీశాడు. అది చూసి, కర్మ పాఠం అక్కడే మొదలుపెట్టారు. "నువ్వు గీసినప్పుడు ఎవరూ చూడలేదు. కానీ ఆ గీసిన చెయ్యి నీతోనే వస్తుంది నాన్నా. రేపు దానికి ఇంకో గీత గీయడం తేలిక. కర్మ అంటే దేవుడు పైనుంచి కొట్టే దెబ్బ అనుకోకండి. మనం చేసిన పని మనల్ని కొంచెం మారుస్తుంది. ఆ మారిన మనిషే ముందుకి వెళతాడు. ఈ జన్మలోనూ, దీని తరవాతా."

సంపాదించడం తప్పు కాదని, సుఖపడటం తప్పు కాదని, రెండూ ధర్మం అనే గట్ల మధ్య పారాలని, ఆఖరికి ఆ గట్లు కూడా దాటి దేన్నీ పట్టుకోకుండా ఉండగలగడమే మోక్షమని మరోవారం చెప్పారు. ఛఠ్ పండగకి పిల్లల్ని హిండన్ నది ఒడ్డుకి తీసుకెళ్ళి, నడుం లోతు నీళ్ళలో నిలబడి అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న బిహారీ ఆడవాళ్ళని చూపించారు. మా అట్లతద్దీ, ఎదురింటివాళ్ళ కర్వా చౌత్, ఈ ఛఠ్ ఒకదానికొకటి పోటీ కావన్నారు. తెలియని ప్రశ్న వస్తే తెలియదనేవారు. వచ్చేవారం చూసుకుని వస్తాననేవారు. తప్పకుండా చూసుకుని వచ్చేవారు.

ఆత్మ గురించి చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. చీమలో, మీలో, గేటు దగ్గర గార్డు భయ్యాలో ఉన్న ఆత్మ ఒకటేనని, బట్టల షాపులోలా దానికి చిన్నా పెద్దా సైజులు ఉండవని అన్నారు. తలుపు దగ్గర నిలబడి వింటున్న రఘువీర్ చప్పట్లు కొట్టాడు. రఘువీర్ మా తెలుగు బృందం కార్యదర్శి. గురుగ్రామ్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఆరోజే మాస్టారికి శాలువా కప్పాలని ప్రతిపాదించాడు, కప్పించాడు.

రెండో ఏడు మా సొసైటీ పార్కు పక్కన చిన్న గుడి కట్టారు. ప్రతిష్ఠకి గ్రేటర్ నోయిడా నుంచి తెలుగు పురోహితుణ్ణి పిలిచారు. తెలుగు కుటుంబాల తరఫున పీటల మీద ఎవరు కూర్చోవాలంటే అందరం మాస్టారి పేరే చెప్పాం. ఆయన మొదట వద్దన్నారు. మేం పట్టుపడితే భార్య జానకమ్మ గారితో వచ్చి కూర్చున్నారు. సంకల్పం చెప్పేటప్పుడు పురోహితుడు గోత్రం అడిగాడు.

"అచ్యుత గోత్రం," అన్నారు మాస్టారు.

పురోహితుడు ఒక్క క్షణం తలెత్తి చూసి, మంత్రం కొనసాగించాడు. ప్రతిష్ఠ చక్కగా జరిగింది. భోజనాల దగ్గర రఘువీర్, ఆ గోత్రం ఎక్కడా వినలేదే అని నలుగురిలో అన్నాడు. ఆ వారంలోనే రేపల్లె వైపు తన బంధువులకి ఫోన్ చేశాడు. మూడోరోజుకి బృందం వాట్సాప్‌లో, మాస్టారిని తీసేసి చేసిన కొత్త గ్రూపులో, ఆయన మాల దాసరి అని వచ్చింది. కింద ఎవరూ ఏమీ రాయలేదు. అందరూ చదివారని మాత్రం గుర్తులు పడ్డాయి. నా గుర్తు కూడా పడింది.

తరవాతి ఆదివారం పాఠం ముందు, పాఠాల ప్రణాళిక గురించి మాట్లాడాలని మాస్టారిని తొమ్మిదింటికే రమ్మన్నారు. పది పన్నెండు మందిమి ఉన్నాం. రాజగోపాల్ అంకుల్ కిటికీ పక్కన కూర్చున్నారు. మాస్టారు నోట్సు పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నారు. నిజంగానే ప్రణాళిక గురించి అనుకున్నారు పాపం.

రఘువీర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. తనకి ఇలాంటి పట్టింపులు లేవని, కానీ కొంతమంది పెద్దవాళ్ళు బాధపడుతున్నారని అన్నాడు. ప్రతిష్ఠ పీటల మీద కూర్చునేముందైనా చెప్పి ఉండాల్సిందని, చెప్పకపోవడంతో మోసపోయినట్టు అనిపిస్తోందని అన్నాడు.

మాస్టారికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పుస్తకం మూశారు.

"నన్నెవరూ అడగలేదండీ. నేను దాచిందీ లేదు. గోత్రం అడిగితే ఉన్నది చెప్పాను. ఇక్కడికి వచ్చేముందే రాజగోపాల్‌ని అడిగాను, వాళ్ళకి చెప్పావా అని. నేనెవరినో అతనికి మొదటినుంచీ తెలుసు."

అందరం కిటికీ వైపు చూశాం. రాజగోపాల్ అంకుల్ కళ్ళజోడు తీసి, లాల్చీ అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నాకూ తెలీదండీ," అన్నారాయన. "ఆఫీసులో ఇలాంటివి మాట్లాడుకోం కదా."

మాస్టారు ఆయన వైపే చూస్తూ ఉండిపోయారు. కోపంగా కాదు. జనంలో తెలిసినవాడని పిలిస్తే వెనక్కి తిరిగిన మొహం మరెవరిదో అయినప్పుడు ఎలా చూస్తామో అలా చూశారు. నాకు ఆ చూపుతోనే తెలిసిపోయింది, రాజగోపాల్ అంకుల్ అబద్ధం చెప్పారని. నాకు లేచి మాట్లాడాలనిపించింది. ఏం మాట్లాడాలో వాక్యం కూడా తయారయింది. పక్కన క్రాంతి నా చేతిమీద చెయ్యి వేశాడు. వేయకపోయినా లేచేదాన్ని కాదేమో. నేను ఫోన్ తీసి చూసుకున్నాను. అందులో చూడాల్సింది ఏమీ లేదు.

"అయితే నేను వెళ్ళొస్తాను," అని మాస్టారు లేచారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే పది గంటల పాఠానికి పిల్లలు ఎదురొచ్చారు. ఇవాళ పాఠం లేదని వాళ్ళకి ఆయనే చెప్పారు.

మూడు వారాల తరవాత హాసినిని తీసుకుని వసుంధర వెళ్ళాను. "మాస్టర్ తాత క్యోం నహీ ఆతే?" అని అది రోజూ అడిగేది. ఎందుకు రావడంలేదో దానికి చెప్పే ధైర్యం నాకు లేదు. అది రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. జానకమ్మ గారు తలుపు తీసి, కూర్చోమన్నారు. నవ్వలేదు. హాసినికి జంతికలు పెట్టి, బాల్కనీలో తులసి మొక్క చూడమని పంపారు. ఆయన ప్రతిరోజూ తెల్లవారి లేచి దీపం పెట్టేవారనీ, ఇప్పుడు తనే పెడుతున్నాననీ చెప్పారు.

ఆరోజు మాస్టారు చాలాసేపు మాట్లాడారు. ఆయన తాత కోటయ్య రేపల్లె దగ్గర ఒక మాలపల్లెలో దాసరి. నుదుట నామం, భుజాన జేగంట, చేతిలో శంఖం. పల్లెలో పెళ్ళయినా, చావయినా, పిల్లాడికి పేరు పెట్టాలన్నా మంత్రం చదివేది ఆయనే. ఊళ్ళో గుడి మెట్లు ఆయన ఎక్కకూడదు. పల్లెలో భజన మందిరం ముందు రాత్రిళ్ళు ఆయన పాడే తత్వాలు వినడానికి మాత్రం ఊళ్ళోవాళ్ళు వచ్చి కాస్త ఎడంగా కూర్చునేవారు. మనవడు ఆయన పక్కనే పడుకుని జన్మ అంటే ఏమిటో, జీవుడెవరో, దేవుడెక్కడుంటాడో అడిగి తెలుసుకున్నాడు. అచ్యుతుడంటే జారిపోనివాడు, విష్ణువు. ఏ ఋషి పేరూ మనకి ఇవ్వకపోతే పోనీ, మన మూలపురుషుడు విష్ణువే అని కోటయ్య చెప్పేవాడట. మాస్టారు ఢిల్లీ వచ్చాక సాయంత్రం క్లాసులకి వెళ్ళి సంస్కృతం నేర్చుకున్నారు. తాత నోట విన్నవన్నీ పుస్తకాల్లో కనబడుతుంటే, పోయిన మనిషి మళ్ళీ ఎదురొచ్చినట్టు ఉండేదన్నారు.

రాజగోపాల్ గురించి కూడా చెప్పారు. సెక్షన్‌లో ఎవరు ఏ కోటాలో వచ్చారో ప్యూనుకి కూడా తెలుసు. చేరిన మొదటి నెలలో మిగతావాళ్ళు మాస్టారి టిఫిన్ డబ్బాకి దూరంగా కూర్చుంటే, రాజగోపాలే కుర్చీ లాక్కుని వచ్చి, ఆ డబ్బాలో గోంగూర కలుపుకుని తిన్నాడు. తరవాత ముప్పై రెండేళ్ళు ఇద్దరూ అలాగే తిన్నారు. రాజగోపాల్ తండ్రి ఢిల్లీలోనే పోయారు. చుట్టాలు సమయానికి అందలేదు. పాడె మోసిన నలుగురిలో మాస్టారు ఒకరు. నిగమ్ బోధ్ ఘాట్ శ్మశానంలో రాజగోపాల్ చేతులు వణికి కుండ పట్టుకోలేకపోతే వెనకనించి మోచేతులు పట్టి చితి చుట్టూ తిప్పింది ఆయనే.

"సొసైటీలో పాఠం చెప్పమంటే నేను అడిగానమ్మా, నేనెవరినో వాళ్ళకి తెలుసా అని. ఈ రోజుల్లో ఎవరడుగుతారయ్యా, అడిగితే నేనున్నానుగా అన్నాడు," అన్నారు మాస్టారు. "రఘువీర్ మాటకి నాకు నొప్పి లేదు. అలాంటివి చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. కానీ వీడు నాతో తిన్నాడు," అన్నారు.

నేను తలదించుకున్నాను. "ఆరోజు నేను కూడా మాట్లాడలేదు మాస్టారూ."

"చూశాను," అన్నారాయన.

ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను వెళ్ళిన మర్నాడే రాజగోపాల్ అంకుల్ కూడా అక్కడికి వెళ్ళారట. ఇది జానకమ్మ గారు తరవాత చెప్పారు. మనవరాలు స్నిగ్ధకి రఘువీర్ బంధువుల్లో సంబంధం మాట్లాడుతున్నారని, ఆ నలుగురిలో నోరు అలా తిరిగిపోయిందని, మనసులో ఏమీ లేదని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జానకమ్మ గారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ ఇంటికి వస్తే మంచినీళ్ళతో సరిపెట్టడం అదే మొదటిసారి. మాస్టారు అంతా విన్నారు. క్షమించమని అడగొద్దన్నారు. "అదే గదిలో, అదే మనుషుల ముందు, నాకు తెలుసు అని ఒక్కమాట చెప్పు రాజగోపాలూ. తరవాత మన ఇద్దరి సంగతి చూద్దాం," అన్నారు. రాజగోపాల్ అంకుల్ సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయారు. స్నిగ్ధ పెళ్ళి కుదిరింది, జరిగింది కూడా. ఆ ఒక్కమాట మాత్రం ఆయన ఇప్పటికీ చెప్పలేదు. పెళ్ళి శుభలేఖ వసుంధరకి పోస్టులో వచ్చింది. జానకమ్మ గారు దాన్ని చించబోతే మాస్టారు వద్దని తీసుకుని, దేవుడి పటాల దగ్గర పెట్టారు. పిల్ల ఏం చేసింది అన్నారట.

మా సొసైటీలో పిల్లల పాఠాలు ఆన్‌లైన్‌కి మారాయి. బెంగళూరు నుంచి ఒకాయన సూటు వేసుకుని రంగురంగుల స్లైడ్లు చూపిస్తాడు. ఆత్మ అందరిలో ఒకటే అనే స్లైడు అందులోనూ ఉంది. హాసిని రెండు వారాలు చూసి లాప్‌టాప్ మూసేసింది.

వసుంధరలో మీ ఇంట్లోనే చెప్పండని నేను మాస్టారిని మూడుసార్లు అడిగాను. మొదటి రెండుసార్లూ కుదరదన్నారు. దేవుడి మీద అలక లేదు గానీ ఆ మాటలు పలుకుతుంటే నోటికి రుచిగా లేదన్నారు. మూడోసారి హాసినే అడిగింది, తెలుగులో, కూడబలుక్కుంటూ: "తాతా, నాకు మిగిలిన పాఠం కావాలి." ఆయన సరే రమ్మన్నారు.

మొదటివారం ఆరుగురు పిల్లలు వచ్చారు. పాఠం మొదలుపెట్టేముందు ఆయన తనెవరో చెప్పారు. "మా తాత దాసరి. మేం మాలలం. నాకు వచ్చినదంతా మొదట ఆయన నేర్పిందే. ఈ మాట మీ ఇళ్ళలో చెప్పండి. చెప్పాక వచ్చే ఆదివారం రాగలిగినవాళ్ళు రండి." గొంతు పెంచలేదు. తరవాతి ఆదివారం ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురితోనే ఇప్పటికీ నడుస్తోంది. అర్జున్ వాళ్ళలో ఒకడు. మాస్టారు ఇదివరకంత నవ్వరు. ధర్మం గురించి చెప్పేటప్పుడు మధ్యలో ఆగిపోయి, ఎక్కడున్నామని పిల్లల్ని అడుగుతారు.

మొన్న ఉగాదికి తెలుగు బృందం సమావేశమైంది. పంచాంగ శ్రవణం అయ్యాక ఎవరైనా మాట్లాడతారా అని రఘువీర్ అడిగితే నేను లేచాను. నాగభూషణం మాస్టారు మనల్ని మోసం చేయలేదని, మనమే ఆయన్ని మోసం చేశామని, ఆరోజు నోరు మూసుకున్నవాళ్ళలో నేనొకదాన్నని చెప్పాను. రాజగోపాల్ అంకుల్‌కి అంతా తెలుసని కూడా చెప్పాను. రఘువీర్, అయిపోయిన విషయం ఇప్పుడెందుకండీ అని మైకు తీసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు తరవాత వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఇంటికొచ్చాక క్రాంతి, ఆరోజు నేను నిన్ను ఆపకుండా ఉండాల్సింది అన్నాడు.

ఆదివారం వసుంధర వెళ్ళినప్పుడు మాస్టారికి ఇదంతా చెప్పాను. మెచ్చుకుంటారని కాదు గానీ, కొంచెం బరువు దిగుతుందని లోపల ఆశ ఉండే ఉంటుంది. ఆయన చివరిదాకా విన్నారు.

"రాజగోపాల్ అక్కడే ఉన్నాడా?" అని అడిగారు.

"ముందు వరసలోనే ఉన్నారు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు మాస్టారూ. నేల చూస్తూ కూర్చున్నారు."

మాస్టారు తల ఊపారు. తరవాత పిల్లల్ని పిలిచి చాప మీద కూర్చోమన్నారు.